స్టార్ట్ ఆగదు

చిక్కబళ్ళాపురంలో నన్ను ముఖం చూసి గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. కాళ్ళు చూసి గుర్తుపట్టేవాళ్ళే ఎక్కువ. అంగడి నడిపినన్నాళ్ళూ నా తల ఏదో ఒక కారు డ్యాష్‌బోర్డు కింద ఉండేది, కాళ్ళు మాత్రం డోరు బయట వేలాడుతుండేవి. గిరాకీలు వచ్చి ఆ కాళ్ళతోనే మాట్లాడి, ఆ కాళ్ళ పక్కనే తాళంచెవి పెట్టి వెళ్ళిపోయేవారు. మొన్నొక పెళ్ళిలో ఒకాయన నన్ను చాలాసేపు ఎగాదిగా చూశాడు. చివరికి చూపు నా చెప్పుల దగ్గర నిలిపి, "ఎలెక్ట్రీషియన్ సుబ్బరాయప్ప కదప్పా మీరు? ఇప్పుడు గుర్తొచ్చినారు" అన్నాడు.

మాది బాగేపల్లి దగ్గర చాకవేలు. పని నేర్చుకుంది చింతామణిలో. అంగడి పెట్టుకుంది చిక్కబళ్ళాపురంలో. ఇక వంగేది లేదని నడుము తెగేసి చెప్పాక అంగడి మూసేశాను. కార్లలో వైర్ల పని చేయాలని ఇప్పుడు కొత్తగా వస్తున్నవాళ్ళు నాలుగు మాటలు చెప్పమంటున్నారు. నోటితో చెబితే గొప్పలు దొర్లిపోతాయని నా భార్య హెచ్చరించింది. రాస్తే కాస్తయినా సిగ్గుపడతానని ఆమె నమ్మకం. చూద్దాం.

అంగడికి వస్తే బుద్ధిమంతురాలు

బయటివాళ్ళు ఈ పనిలో కష్టం అనుకునేది వేరు, అసలు కష్టం వేరు. వైరు తెగిపోయిన కారును బాగుచేయడం పెద్ద విషయం కాదు. తెగిన వైరు ఎక్కడికీ పోదు, మీరు టీ తాగి తీరిగ్గా వచ్చినా అక్కడే ఉంటుంది. మన ప్రాణం తీసేది ఒకసారి స్టార్ట్ అయి ఇంకోసారి కాని పాత కారు. ఇంటి దగ్గర మొండికేస్తుంది. తాడు కట్టి లాక్కొస్తారు. అంగడి ముందు తాళం తిప్పగానే ఏమీ ఎరగనట్టు అంటుకుంటుంది. అప్పుడు యజమాని నా ముఖం చూస్తాడు, నేను కారు ముఖం చూస్తాను. లాక్కొచ్చినాయన ఇద్దర్నీ చూసి తాడు చుట్టుకుంటాడు.

సరిగ్గా అప్పుడే మన చేతులకు దురద పుడుతుంది. ఏదో ఒకటి మార్చేద్దామనిపిస్తుంది. రిలే మారుస్తాం, స్విచ్చి మారుస్తాం, ఇంకా ధైర్యముంటే స్టార్టరు మోటారే మారుస్తాం. మార్చాక కారు స్టార్ట్ అవుతుంది. ఎందుకు కాదు? మార్చకముందు కూడా అవుతూనే ఉంది కదా. అయినా మనం చేతులు తుడుచుకుంటూ, "అదేనప్పా తంటా, తీసేసినా" అని పెద్దమనిషిలా చెబుతాం. ఈ మాట నేను ఎంత గంభీరంగా చెప్పేవాడినంటే, చెప్పడం పూర్తయ్యేసరికి నేనే నమ్మేసేవాణ్ణి. మార్చి చూడటం రిపేరు కాదు. అది తెలియడానికి నాకు సగం జీవితం పట్టింది. మిగతా సగంలోనూ అది రోజూ గుర్తుండేది కాదు.

హుస్సేన్ సాబు అడిగిన ప్రశ్న

చింతామణిలో నా ఓనరు హుస్సేన్ సాబు. ఉస్తాద్ అని పిలిస్తేనే పలికేవాడు. కోపం వస్తే స్పానరు విసిరేవాడు కాదు. మెల్లగా నా చేతిలో పెట్టి, "ఇది నీకు ఎందుకు?" అని అడిగేవాడు. విసిరినా అంత నొప్పి ఉండేది కాదు.

బాగేపల్లి వైపు నుంచి ఒక పెద్ద రైతు కారు వచ్చేది. ఆయన కారు కూడా ఇదే కోవకు చెందింది, ఒకరోజు స్టార్ట్ అయితే ఒకరోజు కాదు. ఉస్తాద్ ఊళ్ళో లేని సమయంలో నేను దాని స్టార్టరు విప్పి, లోపలి బ్రష్షులు మార్చి, మెరిసేలా తుడిచి బిగించాను. వారం తిరక్కుండా కారు మళ్ళీ తాడు వెనకే వచ్చింది. ఉస్తాద్ బానెట్టు ఎత్తనే లేదు. ఆ రైతును పక్కన కూర్చోబెట్టి టీ తెప్పించి, "ఎప్పుడు రాదప్పా ఇది? పొద్దున్నా? వానకా? యాడికన్నా పోయొచ్చినాకనా?" అని అడిగాడు.

"ఊరి గుంతల దారిలో వచ్చి నిలిపితేనే సాబూ. హైవేలో వస్తే ఏం ల్యా."

"ఏదీ, తాళం చూపించు."

ఆయన తీసి ఇచ్చింది తాళంచెవి కాదు, గుత్తి. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, బోరు మోటారు రూము తాళం, గొడౌను తాళం, ట్రాక్టరు తాళం, ఏ తలుపుదో ఆయనకే గుర్తులేనివి ఇంకొన్ని. ఇల్లూ పొలమూ అంతా ఆ కారు స్విచ్చికి వేలాడుతోంది. గుంతల్లో అదంతా ఊగి ఊగి స్విచ్చి లోపలి భాగం అరిగిపోయింది. ఉస్తాద్ స్విచ్చి మార్చి, గుత్తి నుంచి ఒక్క చెవి తీసి కారుకు ఇచ్చి, మిగతావి రైతు జేబులో వేశాడు. ఆ బరువుకు ఆయన పంచె జారబోయింది.

తర్వాత నాతో అన్నాడు: "నువ్వు కారును అడిగినావు, నేను మనిషిని అడిగినా. గిరాకీ జబ్బు పేరు చెప్తే నమ్మొద్దు. అది ఎప్పుడొస్తాదో చెప్తాడు చూడు, దాన్ని మాత్రం చెవులు రెండూ తెరిచి ఇను."

ఇంత మంచి పాఠం దొరికాక మామూలు మనిషయితే చెవులు తెరుచుకునేవాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి ఏ కారు వచ్చినా ముందు తాళంగుత్తి తూకం చూడటం మొదలుపెట్టాను. పాఠంలో నాకు అర్థమైంది తాళాలు ఒక్కటే.

ఖాళీ బండ్లకే ప్రవేశం

సొంత అంగడి పెట్టాక నేను ఒక బోర్డు రాయించాను. కన్నడంలో పెద్ద అక్షరాలతో ‘ఖాలి గాడి మాత్ర’ అని. అంటే సరుకు దింపేసి ఖాళీగా ఉన్న బండ్లను మాత్రమే చూస్తామని. ఆంధ్ర వైపు నుంచి వచ్చినవాళ్ళకు ఎవరైనా చదివి వినిపిస్తే, ఖాళీ బండికి మాత్ర వేస్తారా అని నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. రెండు భాషలూ కలిసిన చోట ఇలాంటివి మామూలే అనుకునేవాణ్ణి. నాకు మాత్రం రెండూ బాగా వచ్చనే గర్వం లోపల ఉండేది.

బోర్డు వెనక ఒక కథ ఉంది. ఒకసారి టమోటాలు నింపుకున్న జీపు ఒకటి అంగడి ముందు నిలిచిపోయింది. తప్పు ఎక్కడుందో తేల్చలేక నేను వైరు వెనక వైరు లాగుతున్నాను. వేసవి కాలం. టమోటాలు నా కోసం ఆగలేదు. వీధి మొత్తం పులుసు వాసన వచ్చింది, ఈగలు వచ్చాయి, చివరికి పక్కంగడి బట్టలాయన వచ్చాడు. ఇక ముందు సరుకున్న బండిని ముట్టుకోనని ఒట్టేసుకుని, ఆ వారమే పెయింటర్ని పిలిచాను. ఆ బోర్డు ఇప్పుడు మా ఇంట్లో కట్టెల మీద వాన పడకుండా కప్పడానికి ఉపయోగపడుతోంది. గోడ మీంచి అక్కడికి ఎలా దిగిందో చెబుతాను.

రత్నమ్మ ఫోను

మిట్టేమరిలో రత్నమ్మ అని ఒకామె ఉంది. పుట్టిల్లు గౌరిబిదనూరు పక్క హొసూరు. పుట్టింట్లో కన్నడమే ఎక్కువ నడిచేదట. అత్తగారింటికి వచ్చాక తెలుగు నేర్చుకుంది, బాగానే మాట్లాడుతుంది. భర్త నరసింహప్ప చామంతి తోట పెట్టి, ఒక పాత పెట్రోలు కారు వెనక సీటు తీసేసి, పూలమూటలు అందులో వేసుకుని పొద్దున్నే చిక్కబళ్ళాపురం పూల మార్కెట్టుకు తెచ్చేవాడు. ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. రత్నమ్మ డ్రైవింగు నేర్చుకుని పూలు తానే తేవడం మొదలుపెట్టింది.

ఆమె మరిది ఆంజనప్పకు ఒక గూడ్స్ బండి ఉంది. చెడ్డవాడు కాదు. కానీ ఆడమనిషి చీకటితో లేచి కారు తోలుకుంటూ మార్కెట్టుకు పోవడం తనకు నామోషీ అనుకునేవాడు. పూలు నా బండిలో వేయి, అమ్మడం నేను చూసుకుంటాను, నువ్వు అన్నను చూసుకో అని మొదటి నుంచీ పోరు పెట్టాడు. రత్నమ్మకు దాని చివర ఏముందో తెలుసు. ఆమె నాతోనే అంది: "పూలు ఆయప్ప బండెక్కితే, ఏ మండీకి వేయాలో ఆయప్పే చెప్తాడు. ఆమింద ఏం పంట పెట్టాలో ఆయప్పే చెప్తాడు. మేమిద్దరం మా తోటలోనే కూలికి పోయినట్లు ఉంటాదన్నా."

అలాంటి సమయంలో ఆ కారు మొండికేయడం మొదలుపెట్టింది. ఆమె నాకు ఫోను చేసింది. నా తల యథాప్రకారం ఏదో డ్యాష్‌బోర్డు కింద ఉంది. ఎవరో బయట హారను సరిచూస్తున్నారు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

"అన్నా, మిట్టేమరి రత్నమ్మను. నా కారు పూలెత్తితే స్టార్ట్ ఆగదన్నా. ఒక్కతూరి చూడల్ల."

నేను విన్నది ఇది: పూలెత్తితే స్టార్ట్, ఆగదు. అంటే సరుకుతో ఉంటే చక్కగా స్టార్ట్ అవుతుంది, దారిలో ఎక్కడా ఆగదు కూడా. అయితే తంటా అంతా ఖాళీగా ఉన్నప్పుడే అన్నమాట. మనసులో నన్ను నేనే మెచ్చుకున్నాను. ఉస్తాద్ చెప్పినట్టు ‘ఎప్పుడు’ అన్నది మొదటి మాటలోనే దొరికిపోయింది.

"అట్లయితే ఖాళీగానే ఎత్తుకురామ్మా" అన్నాను.

"ఖాళీగానేనా?" అంది.

"ఖాళీగానే. మా బోర్డు కూడా అదే చెప్తాది."

మూడుసార్లు నన్ను గెలిచిన కారు

కారు ఖాళీగా వచ్చింది. తాళం తిప్పాను, అంటుకుంది. ఆపాను, తిప్పాను, అంటుకుంది. సాయంత్రం దాకా తిప్పుతూనే ఉన్నాను. బ్యాటరీ మంచిది. సెల్ఫ్ మంచిది. పెట్రోలు పంపుకు కూడా చెవి పెట్టి విన్నాను, జుయ్‌మంటూ తిరుగుతోంది. ఇలాంటి కార్లలో పంపు కరెంటుతో నడుస్తుంది, వెనక ట్యాంకులో ఉంటుంది. చివరికి బ్యాటరీ టెర్మినళ్ళు తోమి, ఒక రిలే మార్చి, "అదేనమ్మా తంటా" అన్నాను. గంభీరంగానే అన్నాను.

రెండు రోజులకు ఫోను. పూలెత్తాక స్టార్ట్ అవలేదట, ఆంజనప్ప బండిలో పంపిందట. నేను మాత్రం ‘పూలెత్తాక’ అన్నది పట్టించుకోలేదు. అది టైము చెబుతోందనుకున్నాను, పూలెత్తే వేళకు అని. ఒకసారి మనసులో ఒక లెక్క కూర్చున్నాక, దానికి ఎదురు చెప్పే మాటలన్నింటినీ చెవి ఎలా సర్దుకుంటుందో చూడండి. రెండోసారి స్కానరు తగిలించాను. అది ఏ తప్పూ చూపించలేదు. ధీమాలో అది నాకంటే ఏమీ తక్కువ తినలేదు. ఇంజను తిరుగుడును కనిపెట్టే సెన్సారు ఒకటి మార్చి పంపాను.

మూడోసారి కారు వచ్చినప్పుడు నాకు ఒక్కసారిగా వెలిగింది. హుస్సేన్ సాబు గుర్తొచ్చాడు. కళ్ళు సగం మూసుకుని, చాలా తెలిసినవాడిలా, "అమ్మా, తాళం ఒకసారి చూపించు" అన్నాను. ఆమె పర్సు తెరిచి తీసిచ్చింది. పసుపుదారం కట్టిన ఒకే ఒక్క తాళంచెవి. దారం బరువు కూడా పెద్దగా లేదు. అయినా స్విచ్చి మార్చాను. అంతదూరం కళ్ళు మూసుకున్నాక ఊరికే పంపడానికి మనసొప్పలేదు.

ఆ వారం చివర మళ్ళీ ఫోను. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"అన్నా, దసరా పూలు కోతకొచ్చినాయి. శుక్రవారం ఒక్కతూరి కారు నిలిస్తే ఇంక ఏ పూలన్నా ఆంజనప్ప బండిలోనే అని ఇంట్లో పెద్దోళ్ళు తీర్మానం చేసినారు. మా ఆయన కూడా ఏం మాట్లాడల్యా. ఈ తూరి కారు నేను తేను. మీరే రాండి."

ఒక కారు నన్ను ఓడించిందన్న బాధ కంటే, నేను చేసిన మూడు రిపేర్లూ ఆంజనప్పకు మూడు సాక్ష్యాలు అయ్యాయన్న బాధ ఎక్కువ. ఆమె కారును నమ్మలేదు, నన్ను నమ్మింది. కారును నమ్మి ఉంటే ఇంకాస్త నయంగా ఉండేది.

మిట్టేమరి తోటలో

శుక్రవారం మొదటి బస్సుకు బాగేపల్లి చేరి, అక్కడి నుంచి ఆటోలో మిట్టేమరి పోయాను. తోట గట్టున కుర్చీలో నరసింహప్ప కూర్చున్నాడు, ఒళ్ళో కంబళి. దారి పక్కన ఆంజనప్ప తన గూడ్స్ బండిని ఖాళీగా తెచ్చి, టార్పాలిన్ మడిచి, సిద్ధంగా నిలబెట్టాడు. నాకు దండం పెట్టాడు. మర్యాదలో లోపమేమీ లేదు.

కారు దగ్గరికి పోయి తాళం తిప్పాను. వెంటనే అంటుకుంది. "చూడమ్మా, ఖాళీగా కూడా బాగానే అంటుకుంటాంది" అన్నాను.

రత్నమ్మ నా వైపు వింతగా చూసింది. "ఖాళీగా ఎప్పుడూ బాగానే ఉండాది కదన్నా. పూలెత్తితేనే కదా స్టార్ట్ ఆగదు."

"అదేనమ్మా, పూలెత్తితే ఆగదు కదా. మంచిదే కదా."

"ఆగకుంటే మంచిదెట్లయితాది?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. గూడ్స్ బండికి ఆనుకుని ఉన్న ఆంజనప్ప ముందుగా నవ్వాడు. నవ్వుతూనే దగ్గరికి వచ్చాడు.

"అన్నా, అది మన ఆగదు కాదు. మా వదిన కన్నడం ఆగదు. స్టార్ట్ అవదు అంటాంది. పెండ్లయి వచ్చినప్పటి నుంచి ఇదే. అన్నం ఆగలేదు అంటే, అన్నం ఆగేదేమి, నడిచేదేమి అని మేము నవ్వుకుంటా ఉంటిమి."

కన్నడంలో ఆగు అంటే అవు. ఆగదు అంటే అవదు. నేను రోజూ పొద్దున లేచిన దగ్గర నుంచీ కన్నడం మాట్లాడేవాణ్ణే. ఆ మాట రోజుకెన్నిసార్లు అంటానో నాకే తెలీదు. కానీ ఆమె తెలుగులో మాట్లాడుతోంది కాబట్టి, మధ్యలో వచ్చి కూర్చున్న ఆ ఒక్క మాటను నా చెవి తెలుగు లెక్కలో వేసేసుకుంది. ఉస్తాద్ చెప్పిన ‘ఎప్పుడు’ను ఆమె మొదటి ఫోనులోనే నా చేతిలో పెట్టింది. నేను దాన్ని తలకిందులుగా పట్టుకుని మూడు రిపేర్లు చేశాను. భూమి కాస్త చీలితే బాగుండుననిపించింది, కానీ అక్కడంతా చామంతి సాళ్ళు, చీలడానికి చోటు లేదు.

"మరి ఖాళీగా తెమ్మంటే ఎందుకు ఊరుకున్నావమ్మా?"

"ఇంత పెద్ద మేస్త్రీ ఖాళీగానే తెమ్మంటాండాడంటే అందులో ఏమో ఉంటాది అనుకున్నా" అంది.

"పూలెత్తండి" అన్నాను.

కోసిన చామంతులు మూటలుగా వచ్చాయి. వాడిపోకుండా మూటల మీద తడి గోనెపట్టాలు కప్పుతారు. కారు వెనక భాగం నిండి, బరువుకు కిందికి కుంగింది. రత్నమ్మ సీట్లో కూర్చుని తాళం తిప్పింది. సెల్ఫ్ తిరిగింది, ఇంజను అంటుకోలేదు. మళ్ళీ తిప్పింది. లేదు. ఆంజనప్ప ఈసారి నవ్వలేదు. తన బండి వెనక తలుపు గొళ్ళెం తీశాడు, అంతే.

నిజం చెప్పనా, ఆ క్షణంలో నాకు పండగలా అనిపించింది. నెలరోజులుగా నాకు కనబడకుండా తిరిగినది మొదటిసారి ఎదురుగా నిలబడింది. "ఆఫ్ చేసి, తాళం సగం మాత్రం తిప్పమ్మా" అన్నాను. సగం తిప్పితే సెల్ఫ్ తిరగదు, పంపు మాత్రం కాసేపు తిరగాలి. చెవి పెట్టాను. జుయ్ లేదు. ఖాళీగా ఉన్నప్పుడు అంగడిలో అంత బాగా పాడిన పంపు పూల కింద నోరు మూసుకుంది. ఇన్నాళ్ళూ నేను ముందర బానెట్టు కింద వెతికాను, తప్పు వెనక గోనెల కింద పడుకుని ఉంది. ఖాళీ బండ్లే చూస్తానన్న ఆ బోర్డును ఆ సాయంత్రమే గోడ మీంచి దించేశాను.

"మూటలు దింపాల్నా?" అంది ఆమె. దింపి మళ్ళీ ఎత్తితే పూలు నలుగుతాయి, పైగా దింపితే తప్పు మళ్ళీ మాయమవుతుంది. వద్దన్నాను. పూలు తొక్కకూడదని చెప్పులు విప్పి, టూల్‌బ్యాగుతో పాటు ముందు సీటు కింద పడేసి, పనికి కావలసినవి మాత్రం జేబుల్లో కుక్కుకుని, వెనక తలుపు నుంచి మూటల మీదుగా పాక్కుంటూ లోపలికి దూరాను. మళ్ళీ నా కాళ్ళు బయట, తల లోపల. గట్టు మీంచి నరసింహప్ప ఏదో అన్నాడు. ఆయన మాట అంత స్పష్టంగా రాదు. "సుబ్బరాయప్పే... కాళ్ళు చూసినా" అన్నాడని ఆంజనప్ప తర్వాత చెప్పాడు.

లోపల తుమ్ములు. చామంతి పుప్పొడి ముక్కులోకి పోతోంది. ఎడమపక్క మూటను కాస్త జరిపి, కార్పెట్టు ఎత్తాను. తడితో మెత్తగా ఉంది. దాని కింద పంపు నుంచి వచ్చే అర్తింగు వైరు, బాడీకి ఒక బోల్టుతో బిగించి ఉంది. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి: కరెంటు పోయే దారినే అందరూ చూస్తారు, తిరిగి వచ్చే దారిని ఎవరూ చూడరు. ఆ తిరిగొచ్చే దారే అర్తింగు. ఏళ్ళ తరబడి గోనెల నీళ్ళు కారి ఆ బోల్టు కింద తుప్పు పొరలు పొరలుగా లేచింది. బండి ఖాళీగా ఉంటే వైరు కొస ఎలాగో ఆనుకుని ఉండేది. మూట బరువు వైరు మీద పడితే కొస పైకి లేచి, తుప్పు మీద పేరుకు మాత్రం తగిలేది. ఆ కొంచెం కరెంటు నిలిచి ఉన్న పంపును లేపడానికి చాలదు.

"ఇంజను నడుస్తా ఉంటే పూలెత్తితే ఏమైతాదమ్మా?" అని లోపలి నుంచే అడిగాను.

"ఏం కాదు. మార్కెట్టు దాకా పోతాది. ఒక్కతూరి బాగేపల్లి బంకులో ఆఫ్ చేయమన్నారు, ఆడ నిలిచిపోయ."

తిరుగుతున్న పంపు ఆ కొంచెం కరెంటుతోనే తిరుగుతూ ఉంటుంది మరి. "ఈ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా."

"ఎవరడిగినారన్నా?"

ముందు ఒక విడి వైరును పంపు అర్తింగు కొసకూ శుభ్రమైన బాడీ ఇనుముకూ తగిలించి, తాళం సగం తిప్పమన్నాను. జుయ్‌మంది. ఆ చప్పుడుకు నాకు ఏడుపొచ్చినంత పనయింది. తుమ్ముల వల్ల అని చెప్పుకున్నాను. బోల్టు విప్పి, తుప్పు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, వైరుకు కొత్త కొస వేసి, మూట కింద పడకుండా పక్కకు లాగి గట్టిగా బిగించాను. ఇదంతా టీ కాగేంత పని. దీనికి ముందు జరిగినదాన్ని పని అనొద్దు.

వెనక్కి పాక్కుంటూ బయటపడి, తలుపు మూసి, ఇంకా నడుము నిటారుగా చేసుకోక ముందే, "తిప్పమ్మా" అన్నాను.

నిండు మూటలతో, తడి గోనెలతో, కారు ఒక్క తిప్పుకే అంటుకుంది. రత్నమ్మ దాన్ని ఆపేసింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ అంటుకుంది. ఆమె నన్ను చూడలేదు, మరిదిని చూడలేదు. గట్టు మీద కుర్చీ వైపు చూసింది. నరసింహప్ప బాగున్న ఎడమచేతిని కంబళిలో నుంచి తీసి, పో అన్నట్టు ఊపాడు. ఆమె గేరు వేసింది.

కారు దారెక్కాక నాకు కింద చల్లగా తగిలింది. చూసుకుంటే తడి మట్టిలో ఉత్తకాళ్ళు. చెప్పులూ టూల్‌బ్యాగూ ముందు సీటు కిందే చిక్కబళ్ళాపురం బయలుదేరాయి. "ఆగమ్మా, చెప్పులు, ఆగు" అని అరుచుకుంటూ గట్టు వెంట కొంతదూరం పరుగెత్తాను. కన్నడం చెవికి అది ఎలా వినిపించిందో, అసలు వినిపించిందో లేదో. కారు మలుపు తిరిగింది.

ఆంజనప్ప తన ఖాళీ బండి పక్కన నిలబడి దుమ్మును చూస్తున్నాడు. తీసిన గొళ్ళెం మళ్ళీ వేశాడు. నన్ను చూసి, నా కాళ్ళు చూసి, ముందు సీటు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"రాన్నా, బాగేపల్లి దాకా దింపుతా. అది ఇంక ఆగదు" అన్నాడు.

ఈసారి అది మన తెలుగు ఆగదే. సరిగ్గానే విన్నాను.